డ్రిల్లు నీరసంగా తిరుగుతోందా? విప్పే ముందు ఎక్స్‌టెన్షన్ వైరు చూడండి

బాగు చేయమని నా దగ్గరికి తెచ్చే డ్రిల్లుల్లో చాలావాటికి అసలు జబ్బే ఉండదు. జబ్బు ఇంట్లో వదిలేసి వచ్చిన ఎక్స్‌టెన్షన్ వైరులో ఉంటుంది. యజమాని అప్పటికే డ్రిల్లు విప్పి, మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మార్చి, గేర్ల గ్రీజు కూడా తుడిచేసి ఉంటాడు. నేరుగా గోడ సాకెట్టుకు పెట్టి నడిపి చూశారా అని అడిగితే, లేదంటాడు. ఆ పరీక్షకు అర నిమిషం చాలు. దాన్ని దాటేసినందువల్ల మంచి మోటార్లు కాలిపోవడం చూసి చూసి ఇది రాస్తున్నాను.

బిట్ బిగించడం, చక్ కీ తీసి పక్కన పెట్టడం, కళ్లకు అద్దాలు పెట్టుకోవడం, ప్లగ్గు పీకాకే బిట్ మార్చడం మీకు తెలుసనుకుంటున్నాను.

బిట్ తిరుగుతోంది, గోడలోకి దిగడం లేదు

ముందు దిశ మార్చే మీట చూడండి. వెనక్కి తిరుగుతున్న బిట్ ఎంత నొక్కినా దిగదు. కాంక్రీటు అయితే మోడ్ మార్చే మీట హ్యామర్ (సుత్తి) గుర్తు మీద ఉందో లేదో చూడండి. బిట్ మొన అరిగి గుండ్రంగా అయితే మార్చండి. ఈ మూడూ సరిగ్గా ఉండి, గోడకు ఆనించగానే మోటారు గొంతు తగ్గిపోతుంటే కింది భాగం మీ కోసమే.

ఖాళీగా బాగానే తిరుగుతోంది, పని పెడితే చచ్చుబడుతోంది

డ్రిల్లును ఎక్స్‌టెన్షన్ లేకుండా గోడ సాకెట్టుకు పెట్టండి. పాత చెక్క ముక్కలో ఒక రంధ్రం వేయండి. బలం తిరిగి వచ్చిందంటే డ్రిల్లును విప్పే పనే లేదు.

ఇక్కడే నేనూ ఒకసారి మోసపోయాను. అనుమానం వచ్చి ఎక్స్‌టెన్షన్ బోర్డు చివర మల్టీమీటర్ పెట్టాను. 230 వోల్టులు నిండుగా చూపించింది. వైరు బాగుందని తేల్చేసి డ్రిల్లు విప్పాను. బ్రష్‌లు మార్చాను, స్విచ్చు మార్చాను, ఫలితం లేదు. చివరికి ప్లగ్గు పీకుతుంటే పిన్ను వేళ్లకు చుర్రుమని తగిలింది. సాకెట్టు లోపలి ఇత్తడి పట్టీ వదులై నల్లబడిపోయింది.

మీటరు అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన సమయమే తప్పు. ఏమీ నడవనప్పుడు తీగలో కరెంటు దాదాపు ఉండదు. కరెంటు లేకపోతే వదులు అతుకు దగ్గర వోల్టేజి పడిపోవడమూ ఉండదు. భారం పడ్డాకే లోపం బయటపడుతుంది. లెక్క చూడండి. వదులైన ఒక అతుకులో 4 ఓముల నిరోధం ఉందనుకుందాం. డ్రిల్లు ఖాళీగా తిరుగుతూ 1 ఆంపియర్ తీసుకుంటే అక్కడ పోయేది 4 వోల్టులే, ఎవరికీ తెలియదు. గోడలో పనిచేస్తూ 4 ఆంపియర్లు లాగితే 16 వోల్టులు పోతాయి. అంతకన్నా భయపెట్టేది ఆ చోట పుట్టే వేడి: 16 వోల్టులు, 4 ఆంపియర్లు గుణిస్తే 64 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతోనే సీసం కరిగిస్తుంది. ఇక్కడ అంతకు రెండింతలు మించిన వేడి, ప్లాస్టిక్ డబ్బా లోపల, గోరంత చోట పుడుతోంది.

వోల్టేజి తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది. లోపల చల్లబరిచే ఫ్యాన్ కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి గాలి తగ్గుతుంది. దిగడం లేదని మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు, కరెంటు ఇంకా పెరుగుతుంది. అతుకు మరింత కాలి, నిరోధం మరింత పెరుగుతుంది. వదులు సాకెట్టుతో మొదలైన పని ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్టల భాగం) కాలడంతో ముగిసేది ఇలాగే.

పట్టుకోవడానికి మీటరు కూడా అక్కర్లేదు. ఫిలమెంటు ఉన్న పాతరకం బల్బు ఒకటి చాలు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, వోల్టేజి తగ్గినా చాలా ఎల్‌ఈడీలు అదే వెలుగు ఇస్తాయి. బోర్డులో డ్రిల్లు పక్క సాకెట్టుకు బల్బు పెట్టి, ఇంకొకరిని చూస్తూ ఉండమని చెప్పి, చెక్కలో రంధ్రం వేయండి. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో చిన్నగా మిణుకుమనడం మామూలే. రంధ్రం వేస్తున్నంతసేపూ బల్బు మందగిస్తే, లోపం బోర్డుకు ముందు ఉన్నట్టు: ఎక్స్‌టెన్షన్ తీగ, దాని ప్లగ్గు, లేదా గోడ సాకెట్టు. డ్రిల్లు నీరసపడుతున్నా బల్బు నిలకడగా వెలిగితే, డ్రిల్లు ప్లగ్గు దూరిన ఆ ఒక్క సాకెట్టునో, డ్రిల్లు సొంత తీగనో పట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ తీసేసి నేరుగా పెట్టినా నీరసమే అయితే వేరే గోడ సాకెట్టులో పెట్టి చూడండి. ఇంట్లో ఇతర దీపాలు కూడా మందగిస్తుంటే అది ఇంటి వైరింగు సమస్య, దాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

ఇంకో గుర్తు వేడి. అయిదు నిమిషాలు పని చేశాక గోడ స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, పిన్నుల దగ్గరికి వేలు తెచ్చి చూడండి. తీగ అంతా ఒకే తీరున కొద్దిగా వెచ్చబడితే తీగ సన్నం. ఒక్క పిన్నే కాలుతుంటే ఆ అతుకు వదులు.

మరమ్మతు: పట్టు పోయిన సాకెట్టును మార్చడమే. పిన్నులను పట్టకారతో వంచి బిగుతు చేసుకునేవారు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని మానండి. ఒక మూల తగులుతుంది, మిగతా అంతా గాలి. ప్లగ్గు లోపల స్క్రూ కింద తీగ పోగులు నల్లబడి ఉంటే, మెరిసే రాగి కనిపించేవరకు కత్తిరించి కొత్తగా బిగించండి. పోగులకు సీసం పూసి స్క్రూ కింద పెట్టకండి. చూడటానికి పక్కాగా ఉంటుంది కానీ ఒత్తిడికి సీసం మెల్లగా అణిగిపోయి, కొన్నాళ్లకు స్క్రూ దానంతట అదే వదులవుతుంది. పోగులను గట్టిగా మెలివేసి బిగించండి, లేదా పోగుల చివర పిన్ లగ్గు (చిన్న లోహపు తొడుగు) నొక్కి వాడండి.

తీగ మందం సంగతీ ఇక్కడే చెప్పాలి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 30 మీటర్లు ఉంటే, పోను రాను 60 మీటర్లకు సుమారు 1.5 ఓములు. 4 ఆంపియర్లకు 6 వోల్టులు దారిలోనే పోతాయి. 1.5 చదరపు మిల్లీమీటర్లు అయితే అందులో సగం. దూరానికి లావు తీగ తీసుకోండి. రెండు ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించడం మాత్రం వద్దు. అలా చేస్తే పొడవుతో పాటు వదులయ్యే అతుకులు కూడా పెరుగుతాయి.

తీగ కదిలిస్తే ఆగుతోంది, మళ్లీ తిరుగుతోంది

డ్రిల్లు పిడి నుంచి తీగ బయటికి వచ్చే రబ్బరు మెడ దగ్గర లోపలి పోగులు తెగాయి. తీగ పట్టుకుని డ్రిల్లును దించేవారికి, తీగ లాగి ప్లగ్గు పీకేవారికి ఇది తప్పదు. ప్లగ్గు పీకాక, తెగిన చోటు దాటి కత్తిరించి తిరిగి బిగించండి. లోపలి క్లాంపు తీగ పైపొరను పట్టుకునేలా చూడండి. టేపు చుట్టి సరిపెట్టిన తీగను నేను డ్రిల్లుకు ఉండనివ్వను.

ఎక్స్‌టెన్షన్ తీగ చుట్ట వేడెక్కుతోంది

రీలు పూర్తిగా విప్పండి. చుట్టలో ఉన్న తీగకు వేడి బయటికి పోయే దారి లేదు. చాలా రీళ్ల మీద రెండు అంకెలు ఉంటాయి, చుట్టి ఉన్నప్పుడు ఎన్ని వాట్లు, విప్పినప్పుడు ఎన్ని వాట్లు అని. చిన్నదే చుట్టి ఉన్నప్పటిది.

బ్రేకరు పడిపోతోంది

ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే బ్రేకరు) పడితే భారం ఎక్కువైంది, లేదా షార్టు. అదే లైనులో ఇంకేం నడుస్తోందో చూడండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే బ్రేకరు) పడితే కరెంటు ఎక్కడో బయటికి కారుతోంది. మనుషుల రక్షణకు పెట్టేవి సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల దగ్గర పడతాయి. తడిసిన బోర్డు, నలిగిన తీగ, లోపల పేరుకున్న లోహపు పొడి చూడండి. గోడలో రంధ్రం వేస్తుండగానే పడితే బిట్ లోపలి వైరును తాకి ఉండవచ్చు, ఆ లైను ఆపేసి చూపించండి. ఆర్‌సీసీబీని తప్పించి పని కానివ్వడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

గాలి కన్నాల్లో నిప్పురవ్వలు

చిన్న నీలి రవ్వలు మామూలే. చుట్టూ వలయంలా మండుతుంటే బ్రష్‌లు అరిగాయి. రెండూ కలిపి మార్చండి. మార్చినా తగ్గకపోతే ఆర్మేచర్. బేరింగు, స్విచ్చు, కెపాసిటర్‌ల కోసం ముందే వెతకకండి.

చేతికి చురుక్కుమంటోంది

ట్రిగ్గర్ వదిలేయండి, గోడ దగ్గర స్విచ్చు ఆపండి. కారణం తేలేదాకా ఆ డ్రిల్లు ముట్టకండి. చతురస్రం లోపల చతురస్రం గుర్తు ఉన్న రెండు పిన్నుల డ్రిల్లుకు ఎర్త్ ఉండదు. అందులో షాక్ కొడితే లోపల తడి చేరింది, లేదా ఇన్సులేషన్ పోయింది. మూడు పిన్నులది అయితే అన్నీ పీకేసి మీటరును ఓముల మీద పెట్టి, డ్రిల్లు ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి దాని లోహపు భాగానికి, ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్ ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి బోర్డు ఎర్త్ రంధ్రానికి కొలవండి. రెండుచోట్లా ఒక ఓము లోపే రావాలి. రాకపోతే ఎర్త్ ఎక్కడో తెగిందని అర్థం. ఎర్త్ సరిగ్గా ఉన్నా, తెగినా, షాక్ కొట్టిన డ్రిల్లు లోపల ఇన్సులేషన్ ఎక్కడో పోయినట్టే. దాన్ని ఇన్సులేషన్ టెస్టర్‌తో పరీక్షించి బాగు చేసినవారి చేతి నుంచే వెనక్కి తీసుకోండి.