హోరోస్ రాళ్లు చదవడం – 3వ పాఠం: పొలం మీద అప్పు

హోరోస్ రాళ్లంటే పాత గ్రీకులు తమ భాషలో రాత చెక్కి నేలలో పాతిన రాళ్లు. పోయిన పాఠంలో ఇచ్చిన ఏథెన్స్ రాయి చదివారా? 'హోరోస్ ఎయ్మి తేస్ అగోరాస్'. 'నేను అగోరా (ఊరి నడిబొడ్డున ఉండే సంత మైదానం) హద్దును' అని రాయే చెప్పుకుంటోంది. క్రీ.పూ. 500 ప్రాంతంలో పాతిన రాయి అది. అయితే హోరోస్ అంటే హద్దు అని అక్కడితో ఆగిపోతే ఈరోజు బోల్తా పడతాం.

క్రీ.పూ. 4వ శతాబ్దానికి వచ్చేసరికి అదే మాటతో మొదలయ్యే రాళ్లు పొలాల్లో, ఇళ్ల దగ్గర కనిపిస్తాయి. అవి చెప్పేది హద్దు గురించి కాదు, అప్పు గురించి. ఇలాంటివి 200కు పైగా దొరికాయి. ఏథెన్స్‌లో భూముల రిజిస్టర్ లేదు. మనం కొనేముందు ఈసీ తీయించినట్టు, అక్కడ కొనేవాడు గట్టు మీదకెళ్లి రాయి ఉందేమో చూసుకోవాలి.

ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: 'హోరోస్ ఖోరియూ పెప్రామెనూ ఎపి లుసెయ్'. హోరోస్ తర్వాతి మాట ఆస్తి ఏమిటో చెబుతుంది. ఖోరియూ అంటే పొలం, ఒయికియాస్ అంటే ఇల్లు, ఎర్గస్తేరియూ అంటే పనిశాల. పెప్రామెనూ అంటే 'అమ్మిన', ఎపి లుసెయ్ అంటే 'విడిపించుకునే షరతుతో'. పేరుకు అమ్మకం, అసలు సంగతి తాకట్టు. తర్వాత అప్పిచ్చినవాడి పేరు, మొత్తం ఉంటాయి. అప్పు తీసుకున్నవాడి పేరు చాలావరకు ఉండదు. పొలం ఎవరిదో ఊరందరికీ తెలిసిందే కదా!

'ప్రొయికోస్' అన్న మాట తగిలితే అది కట్నం లెక్క. భార్య కట్నానికి హామీగా భర్త తన ఆస్తి చూపించాడన్నమాట. విడిపోయాక కట్నం తిరిగివ్వకపోతే ఏడాదికి 18 శాతం వడ్డీ పడేది.

అంకెలు తేలికే. ఇంటూ గుర్తు 1000, ఇంగ్లిష్ హెచ్ లాంటిది 100, త్రికోణం 10. ద్వారబంధం లాంటి గుర్తు 5. దాని లోపల చిన్న హెచ్ వేలాడితే 500. లెక్క ద్రాఖ్మాల్లో, అంటే అప్పటి వెండి నాణేల్లో.

ఒక జాగ్రత్త. క్రీ.పూ. 594లో ఏథెన్స్‌లో ఆర్ఖోన్‌గా (ముఖ్య పాలనాధికారిగా) ఉన్న సోలోన్, నల్లని నేలలో పాతుకున్న హోరోస్‌లను పీకేశానని, బానిసగా ఉన్న నేలకు స్వేచ్ఛ వచ్చిందని తన పద్యంలో రాసుకున్నాడు. ఆ రాళ్లకు ఈ తాకట్టు అర్థం అంటగట్టకండి. అంత పాత అప్పు రాయి ఒక్కటీ దొరకలేదు, అవేమిటన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

అభ్యాసం (నేను అల్లిన నమూనా): 'హోరోస్ ఖోరియూ కయ్ ఒయికియాస్ పెప్రామెనోన్ ఎపి లుసెయ్', ఆపై ఒక ఇంటూ, రెండు హెచ్‌లు, ఒక త్రికోణం. కయ్ అంటే 'మరియు'. ఏమేం తాకట్టులో ఉన్నాయి, ఎంతకు? పెప్రామెనూ కాస్తా పెప్రామెనోన్ ఎందుకయిందో కూడా ఆలోచించండి. జవాబులు 4వ పాఠం మొదట్లో.