ఆఫీసు కంప్యూటర్‌కి తాళం వేసుకోండిలా

విజయవాడ గాంధీనగర్‌లో ఓ సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. 2014 నవంబరులో హాలీవుడ్ సినిమా సంస్థ సోనీ పిక్చర్స్ కంప్యూటర్లలో హ్యాకర్లు పడ్డారు. ఆ సంస్థ తీసిన ‘ది ఇంటర్వ్యూ’ అనే కామెడీ సినిమా మీద జనం చీలిపోయి వాదించుకున్నారు: ఒక దేశాధినేతను చంపే కథతో నవ్వించొచ్చా అని కొందరు, హ్యాకర్లు బెదిరిస్తే బొమ్మ ఆపేస్తారా అని కొందరు. నన్ను కలచివేసింది మాత్రం ఉద్యోగుల జీతాలు, సొంత మెయిళ్లు బజారున పడటం.

ముందుగా, పాస్‌వర్డులన్నీ ఒకే ఫైల్లో రాసిపెట్టడం మానండి. సోనీలో అలాంటి ఫైళ్లూ బయటపడ్డాయి. మెయిల్‌కి పాస్‌వర్డుతో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా అడిగేలా పెట్టండి. జీతాల చిట్టా, ఆధార్ కాపీలు విడి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, వెంటనే వైరు పీకి బీరువాలో దాచండి. వైరు తగిలించి ఉంచితే వైరస్ దాన్నీ తుడిచేయగలదు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ సాయంత్రమే వాళ్ల లాగిన్ తీసేయండి.