ఫాంటసీ నవల రాస్తున్నారా? ముందు తూము సంగతి తేల్చండి

ఫాంటసీ నవల అనగానే చాలామంది మ్యాపు గీయడంతో మొదలుపెడతారు. ఏడు రాజ్యాలు, ముగ్గురు చంద్రులు, తాతల ముత్తాతల వంశవృక్షం. నోట్‌బుక్ నిండుతుంది గానీ మొదటి అధ్యాయం కదలదు. మ్యాపు పక్కన పెట్టి ఒక్కటి తేల్చుకోండి: ఈ లోకంలో అందరికీ కావాల్సి, అందరికీ చాలనిది ఏది? దాన్ని పంచేది ఎవరు?

బెంగళూరులో ఉండేవాళ్లు దీనికోసం దూరం పోనక్కర్లేదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, పక్కన పెద్ద నది లేని ఊరు. అందుకే గొలుసుకట్టు చెరువులు. అగర చెరువు పొర్లితే బెళ్లందూరుకు, అది పొర్లితే వర్తూరుకు, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని నదికి. ఒక ఆదివారం పొద్దున్నే ఆ దారి పట్టి చూసి రండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని. పై ఊరివాళ్లు అలుగు, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే గట్టు, ఒక అడుగు లేపితే కింది ఊరి చెరువుకు నీళ్లు రావు. యుద్ధానికి అది చాలు, కొమ్ముల రాక్షసుడు అక్కర్లేదు.

ఇక నాయిక. ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే నీరుగంటి పని ఆమెకివ్వండి. చెరువు నీళ్లు పొలాలకు వదిలే పాతకాలపు తూము అంటే చెరువు లోపలివైపు రెండు రాతి స్తంభాలు, మధ్యలో అడ్డరాళ్లు, అడుగున కన్నం, దానికో బిరడా, బిరడాకు నిలువు కర్ర. నిండు చెరువులో నీళ్లు పైనుంచి అదుముతుంటే అది ఓ పట్టాన ఊడిరాదు. మెడలోతు నీళ్లలో ఆమె కర్ర పట్టుకుని గుంజుతుంటే, కట్ట మీద రెండు ఊళ్లవాళ్లూ కేకలేస్తుంటే, ఆ రెండు పేజీల్లోనే మీ లోకం సగం తెలిసిపోతుంది. కత్తిసాము తర్వాత నేర్పొచ్చు. ప్రతి మూడు అధ్యాయాలకు ఒకసారైనా ఆమె సొంతంగా ఒక నిర్ణయం తీసుకోవాలి, దానివల్ల ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఎప్పుడూ గెలిచే పిల్ల 100 పేజీలకే విసుగు పుట్టిస్తుంది.

మాయకు మూడు వాక్యాలు చాలు. రాతి మీద చెయ్యి పెడితే అడుగున నీళ్లెంత లోతులో ఉన్నాయో ఆమెకు తెలుస్తుంది. తెలిసిన ప్రతిసారీ తనవాళ్లలో ఒకరి పేరు మరిచిపోతుంది. మనుషులు తవ్విన బావి దగ్గర ఇది పనిచేయదు. చాలామంది ఆ మూడోది రాయరు. రాయకపోతే చిక్కు పడ్డప్పుడల్లా మంత్రమే దిక్కవుతుంది.

సంభాషణల్లో అందరి చేతా గ్రాంథికం పలికించకండి, అది రాజసభకే ఉంచండి. పై ఊరికి ఒక యాస, కింది ఊరికి ఇంకొకటి. కన్నడం కలిసిన బెంగళూరు తెలుగు వినే చెవికి ఇదేమంత కష్టం కాదు. మీరు పుట్టించిన మాటలు పేజీకి ఒకటి దాటొద్దు. అర్థం పక్కనున్న పనిలోనే తెలియాలి.

అధ్యాయానికి 2,500 పదాల చొప్పున 32 అధ్యాయాలైతే 80,000 పదాలు. మొదటి చిత్తు అయ్యాక, ఎవరూ ఏ పనీ చేయకుండా లోకం గురించి చెప్పే పేరాలన్నిటికీ ఎర్ర గీత పెట్టండి. మొదటి మూడు అధ్యాయాల్లో అలాంటివి దొరికితే పదో అధ్యాయం దాటాక వాడుకోండి, లేదా కొట్టేయండి.