లెడ్‌విల్ 100: పన్నెండు గంటల్లో గీత దాటాలంటే

కొలరాడోలోని లెడ్‌విల్ ఊరు సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. 1994 నుంచి నడుస్తున్న లెడ్‌విల్ ట్రైల్ 100 మౌంటెన్ బైక్ రేసు అక్కడే, ఆగస్టులో. పేరుకు వంద మైళ్లు, తొక్కేది ఇంకాస్త ఎక్కువే. వెళ్లిన దారినే వెనక్కి రావాలి. 12 గంటల్లోపు చేరితే బహుమతిగా బెల్టు బకిల్, 9 గంటల్లోపైతే పెద్ద బకిల్.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి సాధన చేసేవాళ్లను మొదట దెబ్బతీసేది పలుచని గాలి. పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు 70 శాతమే. ఇంటిదగ్గర గంటసేపు సులువుగా పెట్టే వాట్లు (పెడల్ మీద పెట్టే శక్తి) ఇక్కడ ఊపిరాడనివ్వవు. అందుకే ఆ వాట్లు చూపే పవర్ మీటరు అంకెను పక్కనపెట్టి శ్వాసను చూసుకోండి: పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం తగ్గించాల్సిందే. మొదటి ఎక్కుడు సెయింట్ కెవిన్స్‌లో దారి ఇరుకు, జనం ఎక్కువ. అక్కడ పదిమందిని దాటడానికి ఖర్చుపెట్టిన బలం సాయంత్రం తిరిగి రాదు.

టైర్లలో గాలి ఊరు చేరాక మళ్లీ కొలవండి. బయటి పీడనం తగ్గడంతో ఇంట్లో 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) పెట్టిన టైరు అక్కడ గేజీలో 24 దాకా చూపిస్తుంది, రాళ్లమీద ఎగిరెగిరి పడుతుంది. 75 కిలోల మనిషికి 2.3 అంగుళాల వెడల్పున్న ట్యూబ్‌లెస్ టైరైతే ముందు 20, వెనక 22 దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. టైరులో పోసే, చిల్లులు మూసే ద్రవం సీలెంట్ రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. రేసుకు వారం ముందు టైరుకు 100 మి.లీ. చొప్పున కొత్తది పోయండి.

పంక్చరైతే కంగారుపడి పంపు తీయకండి. చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పది సెకన్లు ఆగితే సీలెంటే మూసేయొచ్చు. మూయకపోతే ప్లగ్గు (చిల్లులో దూర్చే రబ్బరు పట్టీ) గుచ్చి, కొస సెంటీమీటరు బయట ఉంచండి. గాలి కొట్టేటప్పుడు వాల్వు పైకి ఉండాలి, లేకపోతే చిన్న సిలిండర్‌లోంచి వచ్చే చల్లటి సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) నేరుగా సీలెంట్‌కి తగిలి గడ్డకట్టిస్తుంది. 29 అంగుళాల చక్రానికి 16 గ్రాముల సిలిండర్ బొటాబొటీ, 25 గ్రాములది తీసుకెళ్లండి. మీ గేర్లకు సరిపోయే క్విక్‌లింకు (తెగిన చైను కలిపే లింకు), చైన్ బ్రేకరు (చైను విప్పే పనిముట్టు), డీరైలర్ హ్యాంగరు (గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచేది), ఒక ట్యూబు కూడా సంచిలో ఉండాలి.

తిండి మొదటి గంటలోనే మొదలవ్వాలి. ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం, ఎత్తులో కడుపు మొరాయిస్తుంది. గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం, 500 నుంచి 750 మి.లీ. నీళ్లు. పొద్దున చలికి దాహం తెలియదు, అందుకే వాచీలో ఇరవై నిమిషాలకోసారి అలారం పెట్టుకోండి. ఎనర్జీ జెల్ పడనివాళ్లకు పెద్ద మెజూల్ ఖర్జూరం ఒక్కోటి 18 గ్రాముల పిండిపదార్థం ఇస్తుంది, ఉప్పద్దిన ఉడికించిన ఆలుగడ్డ వంద గ్రాములకు 20. ఏది తిన్నా, సాధనలో కనీసం నాలుగుసార్లు తిని చూసిందే తినండి.

దారి మధ్యలో వచ్చే కొలంబైన్ ఎక్కుడు దాదాపు 13 కిలోమీటర్లు, పైన సుమారు 3,800 మీటర్లు. చివర్లో రాళ్లు తేలిన చోట చాలామంది దిగి నడుస్తారు, మీరూ నడవండి. ఎదురుగా దిగేవాళ్లు వేగంగా వస్తుంటారు, కుడివైపు విడవకండి. పైన మధ్యాహ్నం వడగళ్లు, పిడుగులు మామూలే. వానకోటును కొండ కింద ఉన్న ట్విన్ లేక్స్ సహాయ కేంద్రంలో మీవాళ్ల దగ్గర వదిలేయకుండా జేబులో పెట్టుకునే ఎక్కండి.

సమయం ఎక్కువగా పోయేది సహాయ కేంద్రాల్లో. ఒక్కోచోట ఐదు నిమిషాలు అదనంగా నిలబడినా, అయిదారు ఆగుళ్లకు అరగంట. నింపిన సీసాలు ముందే సిద్ధంగా పెట్టమనండి. వెళ్లేటప్పుడు బ్రేకులు కాలేలా దిగిన పవర్‌లైన్ అనే కొండనే, దాదాపు 80 మైళ్లు తొక్కాక, తిరిగి ఎక్కాలి. అడుగుభాగం ఎంత నిటారుగా ఉంటుందంటే, పెడళ్ల దగ్గర 32 పళ్ల గేరు, వెనక 52 పళ్ల గేరు ఉన్నా చాలామంది తోసుకునే పోతారు. అందుకే అడుగు గట్టిగా ఉండే సైకిల్ బూట్లతో కొండ నడిచి ఎక్కడం ముందే అలవాటు చేసుకోండి.