ఎత్తు కొలిచే బోర్డు దగ్గర గొడవ పడకుండా పిల్లల్ని రైడ్లకు తీసుకెళ్లడం ఎలా?

విశాఖలో వేసవి ఎగ్జిబిషన్‌కు వెళ్లినా, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వండర్‌లా పార్కు దాకా వెళ్లినా, సరదా అంతా చెడేది ఒక్కచోటే. రైడ్ గేటు పక్కన ఎత్తు గీత ఉన్న బోర్డు దగ్గర. గంటసేపు క్యూలో నిలబెట్టిన పిల్లాడు ఒక్క సెంటీమీటరు తక్కువున్నాడని వెనక్కి పంపితే వాడు ఏడుస్తాడు, వాళ్ల నాన్న ఆపరేటర్ మీదికి వెళ్తాడు, వెనకున్నవాళ్లు కేకలేస్తారు. ఇంట్లో పది నిమిషాలు కేటాయిస్తే ఇదంతా తప్పుతుంది.

1. ముందురోజు సాయంత్రం ఎత్తు కొలవండి

టైలర్ టేపు వాడే కొద్దీ సాగుతుంది, దాన్ని నమ్మొద్దు. వడ్రంగి దగ్గరుండే స్టీల్ టేపు తీసుకోండి. గోడ కింద అంచున టైల్ ముందుకు పొడుచుకొచ్చి ఉంటే మడమలు గోడకు ఆనవు, కొలత తప్పుతుంది. అలాంటి ఇళ్లలో తలుపు రెక్కకో, బీరువా పక్కకో ఆనించి నిలబెట్టండి. చెప్పులు విప్పించి, మడమలు, పిరుదులు, భుజాలు ఆనేలా చూడండి. చూపు నేరుగా ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. ఆడపిల్లైతే కొప్పు, పిలక విప్పేయాలి. అట్ట ఉన్న లావుపాటి పుస్తకాన్ని గోడకు నిలువుగా ఆనించి, జుట్టు అణిగేదాకా కిందికి దించి, దాని అడుగున పెన్సిల్‌తో గీత పెట్టండి. మూడుసార్లు కొలిచి, అన్నిట్లో తక్కువొచ్చినదే రాసుకోండి. ఎక్కువొచ్చినది రాసుకుంటే మోసపోయేది మీరే.

సాయంత్రమే ఎందుకంటే, రోజంతా నిలబడి తిరిగేసరికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు కొద్దిగా నొక్కుకుపోతాయి. మనిషి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతాడు, రాత్రి పడుకుని లేస్తే మళ్లీ మామూలే. పొద్దున 120 సెంటీమీటర్లున్న పిల్లాడు సాయంత్రం ఐదింటికి 119 కావచ్చు. “పొద్దున ఎక్కనిచ్చారు కదండీ, ఇప్పుడేమైంది?” అన్న తగాదాల్లో కొన్ని ఇలాగే మొదలవుతాయి. పిల్లల ఎత్తు సరిగ్గా గీత దగ్గరే ఉంటే ఆ రైడ్‌ను పొద్దున్నే ముగించండి.

మనం అడుగుల్లో లెక్క చెప్పుకుంటాం, బోర్డుల మీద సెంటీమీటర్లుంటాయి. 3 అడుగులంటే 91.4, 4 అడుగులంటే 121.9, 4 అడుగుల 7 అంగుళాలంటే 139.7. “మావాడు 3 అడుగుల 11 అంగుళాలు, 120 ఉన్నట్టే” అనుకుంటే పొరపాటు, అది 119.4 మాత్రమే.

2. బయల్దేరకముందే పిల్లలకు చెప్పండి

పెద్ద పార్కులు ఏ రైడ్‌కు ఎంత ఎత్తుండాలో తమ సైట్లలో పెడతాయి. వండర్‌లాలో పిల్లల టికెట్టుకు కూడా వయసు కాదు, ఎత్తే లెక్క. ఆ జాబితా చూసి ఒక కాగితం మీద మూడు వరసలు రాయండి: ఒంటరిగా ఎక్కేవి, పెద్దవాళ్లు పక్కనుంటేనే ఎక్కేవి, ఈ ఏడాదికి కుదరనివి. మూడో వరస పిల్లల చేతే చదివించండి. ఇంట్లో విన్న “కాదు”కి పిల్లలు సర్దుకుంటారు, గేటు దగ్గర నలుగురి ముందు వినే “కాదు”కి సర్దుకోరు.

మూడో వరసలోని రైడ్‌ను అమ్మానాన్నలిద్దరూ ఎక్కాలనుకుంటే వంతులేసుకోవాలి, ఒకరు ఎక్కితే ఒకరు పిల్లల దగ్గరుండాలి. “రెండు నిమిషాలు చూడు బాబూ” అని ఆపరేటర్‌కు పిల్లల్ని అప్పగించడం తప్పు. అతని చేతిలో ఉన్న మీట మీద ఇరవై మంది ప్రాణాలుంటాయి.

3. ఆ గీత ఎందుకుందో తెలుసుకోండి

ఎత్తు గీత ధైర్యానికి పరీక్ష కాదు. “మావాడికి భయం లేదండీ” అన్న మాటకు అక్కడ విలువ లేకపోవడానికి కారణం అదే.

తొడల మీదికి దిగే ల్యాప్ బార్‌ను తీసుకోండి. ఒకే బార్ ఇద్దరికీ ఉంటే అది పెద్దవాళ్ల తొడల దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్న పిల్లాడికీ బార్‌కూ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. రైడ్ పైకెగిరి కిందికి దిగేటప్పుడు ఒళ్లు సీటు నుంచి లేస్తుంది, ఆ ఖాళీలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. భుజాల మీదుగా దిగే పట్టీ అయితే పొట్టి పిల్లలు దాని కిందినుంచి ముందుకు జారతారు, లేదా పట్టీ మెడ దగ్గరికొస్తుంది. వీపు సీటుకు ఆని, అరికాళ్లు నేలకు తగిలి ఉంటేనే కుదుపుకు తట్టుకుని కూర్చోగలరు. ఎత్తు తక్కువైతే ఈ రెండూ ఒకేసారి కుదరవు.

బూట్లలో గుడ్డలు కుక్కి, దళసరి అడుగున్న చెప్పులేసి గీత దాటించేవాళ్లు ఉన్నారు. బూటులో గుడ్డ పెడితే నడుము పైకి రాదు, బార్ దిగే చోటు అంగుళం కూడా మారదు. మోసపోయేది బోర్డు ఒక్కటే.

గరిష్ఠ ఎత్తు పెట్టిన రైడ్లూ ఉంటాయి. చిన్నపిల్లల కార్లలో పెద్దవాళ్లు ఇరుక్కుంటే మోకాళ్లు బయటికి పొడుచుకొచ్చి దెబ్బ తగులుతుంది. ఫొటో కోసం ఇరుక్కునే తాతయ్యలకు ఇది ముందే చెప్పాలి.

4. ఎగ్జిబిషన్‌లో బోర్డు లేకపోతే మీరే బోర్డు

ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్లలో చాలాసార్లు ఎత్తు గీత ఉండదు. అక్కడ చూడాల్సినవి: పిల్లల వీపు ఆనిందా, కాళ్లు ఆనాయా, బార్ తొడకు తగిలిందా. మూడింట్లో ఒక్కటి లేకపోయినా దింపేయండి. ఆపరేటర్ “పర్లేదండీ, గట్టిగా పట్టుకోమనండి” అన్నా సరే. చేతిపట్టు అదనపు జాగ్రత్తే తప్ప బార్ చేసే పని చేయదు.

గిరగిరా తిరిగే బ్రేక్ డాన్స్ రైడ్‌లో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది ముఖ్యం. వేగంగా తిరిగేటప్పుడు ఒళ్లు బయటివైపుకు నెట్టుకుపోతుంది. పెద్దవాళ్లు లోపలివైపు కూర్చుంటే వాళ్ల బరువంతా పిల్లల మీద పడుతుంది. కాబట్టి పెద్దవాళ్లు బయటివైపు, పిల్లలు లోపలివైపు. ఉయ్యాలలా ఊగే కొలంబస్ పడవలో చివరి సీట్లు ఎక్కువ ఎత్తుకు లేస్తాయి, మొదటిసారి ఎక్కేవాళ్లకు మధ్య వరస మేలు.

బీచ్ రోడ్డు దరిదాపుల్లో వేసిన రైడ్లకు ఇంకో పరీక్ష కావాలి. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. బార్ లాక్ పిన్ను, తలుపు గొళ్లెం, సీటు కింది బోల్టులు చూడండి. పొరలు పొరలుగా ఊడే తుప్పు ఉన్నా, పిన్ను స్థానంలో తీగ చుట్టి ఉన్నా ఎక్కొద్దు. ఈదురుగాలి మొదలైతే జెయింట్ వీల్ దగ్గరికే పోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖకు గాలి గురించి అంతకంటే చెప్పక్కర్లేదు.

చున్నీ, పైట, జడ ముడేసి లోపలికి దోపుకోవాలి. ముఖ్యంగా గో-కార్ట్ అనే చిన్న రేసు బండిలో, వెనక ఇరుసు తిరుగుతుంటుంది కాబట్టి హెల్మెట్ కిందినుంచి బయటికొచ్చిన జడ దానికి చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

5. మర్యాద తప్పినవాళ్లతో ఏం చేయాలి?

క్యూలో ఒక్కడు నిలబడతాడు. గేటు దగ్గరికొచ్చేసరికి “మావాళ్లేనండీ” అంటూ తొమ్మిదిమంది దూరతారు. వాళ్లతో వాదనకు దిగితే వరస ఆగిపోతుంది, నష్టపోయేదీ మీరే. “బాబూ, ఈ వరసలో మధ్యలో దూరుతున్నారు, కాస్త చూడండి” అని గేటు దగ్గరున్న సిబ్బందికి ఒకే మాట చెప్పండి. పసిపిల్లను బాత్రూమ్‌కు తీసుకెళ్లి తిరిగొచ్చే తల్లిని మాత్రం ఆ లెక్కలో వేయొద్దు.

జెయింట్ వీల్ పెట్టెను కావాలని ఊపేవాళ్లు, రైడ్ మధ్యలో ఫోన్ తీసేవాళ్లు కనిపిస్తే రైడ్ కదలకముందే ఆపరేటర్‌కు చూపించండి. పైనుంచి జారిన ఫోన్ కిందున్నవాళ్ల తల మీద రాయిలా పడుతుంది. వాటర్ రైడ్ల దగ్గర ఆడవాళ్లను వీడియో తీసేవాడితో మాత్రం మాటలు పెట్టుకోవద్దు. వాడి చొక్కా రంగు, నిలబడ్డ చోటు గుర్తుపెట్టుకుని సెక్యూరిటీకి చెప్పండి. వాళ్లు పట్టించుకోకపోతే 112కు ఫోన్ చేయండి.

ఇక మన వంతు. ఎత్తు చాలదని ఆపరేటర్ చెప్పాక “మేనేజర్‌ని పిలువు” అనొద్దు. మేనేజర్ వచ్చి ఒప్పుకుంటే అంతకంటే ప్రమాదం లేదు. సందేహముంటే “ఇంకోసారి కొలవండి తమ్ముడూ” అని అడగండి, చెప్పులు విప్పించి నిలబెట్టండి. అప్పుడూ తక్కువే వస్తే పిల్లల చెయ్యి పట్టుకుని పక్కకు రండి.

6. రైడ్ మధ్యలో ఆగిపోతే

కరెంటు పోయి పైన ఆగిపోతే బార్‌ను లాగొద్దు, తలుపు తెరవొద్దు, కిందికి దిగే ప్రయత్నం చేయొద్దు. సీటులోనే కూర్చోండి. చేతులు లోపలే ఉండాలి, ఎందుకంటే కరెంటు వచ్చాక రైడ్ చెప్పకుండా కదలొచ్చు. కిందినుంచి ఆపరేటర్ చెప్పేదాకా పిల్లలతో మాట్లాడుతూ ఉండండి, మంచినీళ్ల సీసా ఉంటే ఇవ్వండి.