మంచులో పరుగు, సైకిల్ – 3వ పాఠం: కాలి కింద చప్పుడు

పోయిన పాఠంలో బట్టల సంగతి చెప్పుకున్నాం. ఒంటికి తగిలే పొర ఉన్నిదో పాలిస్టర్‌దో కావాలి, కాటన్ వద్దు, గడప దాటినప్పుడు కాస్త చలి వేస్తేనే సరైన లెక్క. ఈసారి దారిని చదవడం నేర్చుకుందాం. చదవడం అన్నాను గానీ ఇది ఎక్కువగా చెవుల పనే.

ఉదయం కమ్ముకునే పొగకీ, గడ్డి మీద చుక్కకీ, ఆకాశం నుంచి రాలే తెల్లటి పొడికీ మనకు మంచు అనే మాటే. ఇక్కడ అమెరికాలోని మినియాపోలిస్‌లో ఆ ఒక్క మాటతో రోడ్డెక్కడం ప్రమాదం. పొడి స్నో, తడి స్నో, ఐస్ అని విడదీసుకోండి.

చలి మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ దాటి ముదిరిందంటే పొడి స్నో అడుగడుగుకీ కిర్రుమంటుంది. మన బరువుకి స్ఫటికాలు కరగకుండా విరిగి, ఒకదానితో ఒకటి రాసుకునే చప్పుడది. అది వినబడుతుంటే ధైర్యంగా పరుగెత్తండి, షూకి పట్టు బాగా దొరుకుతుంది. రాత్రంతా స్నో పడి ఆగిన తెల్లవారుజామున ఊళ్లోని లేక్ హారియట్ చెరువు చుట్టూ ఒకసారి పరుగెత్తి చూడండి. కొత్త స్నో శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. అంత పెద్ద ఊళ్లో మీ ఊపిరి, ఆ కిర్రు తప్ప ఇంకేమీ వినబడవు. ఖమ్మం ఎండల్లో పెరిగిన నాకు అంతటి నిశ్శబ్దం ఒకటుంటుందని అంతకుముందు తెలియదు. ఇన్నేళ్లయినా ఆ పొద్దుల కోసమే అలారం పెట్టుకుంటాను.

సున్నా దగ్గరికి వస్తే కిర్రు పోయి చిత్తడి చప్పుడు మొదలవుతుంది. పాదాలు తడుస్తాయి, అంతే. అసలు చిక్కు మర్నాడు పొద్దున. కార్ల చక్రాల గాడులు రాత్రికి రాత్రే గట్టిపడతాయి. సైకిల్ చక్రం అందులో పడితే హ్యాండిల్ తిప్పి బయటికి లాగకండి, గాడి వెంబడే నెమ్మదిగా పోనివ్వండి.

ఐస్‌కి చప్పుడుండదు. ఉష్ణోగ్రత సున్నాకి కింద ఉండి, రోడ్డు తడిగా మెరుస్తూ, టైరు రొద ఉన్నట్టుండి ఆగిపోతే, మీరు ఐస్ మీద ఉన్నారు. బ్రేక్ వద్దు, మలుపు వద్దు, పెడల్ మీద బలం వద్దు. తిన్నగా దాటండి. వేగం తగ్గించాలంటే ఐస్ మీదికి రాకముందే, వెనక బ్రేక్‌తోనే తగ్గించాలి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే పడిపోతాం. పరుగులోనైతే అడుగులు చిన్నవి చేసి, పాదాన్ని ఒంటి కిందే పెట్టండి. వంతెనల మీద మరీ జాగ్రత్త. కింద నుంచి కూడా చలిగాలి తగలడంతో అవే ముందు గడ్డకడతాయి. ఉప్పు చల్లారు కదా అని నమ్మకండి, మైనస్ 9 కంటే కిందికి పోతే మామూలు ఉప్పు పెద్దగా కరిగించలేదు.

రోజూ సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లు మేకుల టైర్లు కొనుక్కోండి. రబ్బరులో గట్టి కార్బైడ్ మేకులు పొదిగి ఉంటాయి. ఒకటే కొనగలిగితే ముందు చక్రానికి వేయించండి. పాత రైలు మార్గంలో వేసిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే సైకిల్ దారి 5.5 మైళ్ల పొడవుంటుంది, చలికాలంలోనూ స్నో తీస్తారు. తొలి ప్రయాణానికి అదే మంచిది. తీసిన చోట మేకులు చిటపటమంటాయి, ఆ సంగీతం నాకు చాలా ఇష్టం.

ఈ వారం అభ్యాసం: ఇయర్‌ఫోన్లు ఇంట్లో పెట్టి 20 నిమిషాలు నడవండి, చప్పుడు ఎక్కడెక్కడ మారిందో గుర్తుపెట్టుకోండి. సైకిల్ వాళ్లు సీటు కాస్త దించి, స్నో పట్టిన ఖాళీ పార్కింగ్ స్థలంలో వెనక బ్రేక్ వేసి జారడం అలవాటు చేసుకోండి. వచ్చే పాఠం ఎదురుగాలి గురించి.