చాప్లిన్ ఆత్మకథను మన జీవితానికి ఉపయోగపడేలా చదవడం ఎలా?

అభిమాన నటుడి ఆత్మకథ చేతికందగానే చాలామంది పేదరికం నుంచి కీర్తి దాకా సాగిన కథను ఏకబిగిన చదివి, రెండు రోజులు ఉత్సాహంగా గడిపి, ఆ తరువాత పుస్తకాన్ని అలమరలో పెట్టేస్తారు. ఆ ఉత్సాహం నిలవకపోవడానికి కారణం, ఆయన విజయాన్ని చూసి ముచ్చటపడడమే తప్ప, కష్టం ఎదురైన రోజున ఆయన చేసిన పని ఏమిటో గమనించకపోవడమే. చార్లీ చాప్లిన్ 75 ఏళ్ల వయసులో, 1964లో వెలువరించిన ఆత్మకథను మరో విధంగా చదవవచ్చు.

లండన్ బాల్యాన్ని చెప్పే తొలి అధ్యాయాలకు ఎక్కువ సమయం కేటాయించండి. ప్రముఖులతో విందులు, పరిచయాలు నిండిన చివరి భాగాన్ని వేగంగా చదివినా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం. అయితే 1931లో లండన్‌లో గాంధీజీని కలిసి, యంత్రాలను ఎందుకు వ్యతిరేకిస్తున్నారని అడిగిన ఘట్టాన్ని మాత్రం వదలకండి. తనకు అంతుపట్టని విషయాన్ని గొప్పవారి ముందు దాచుకోకుండా అడగడం అందులో కనిపిస్తుంది.

చదువుతున్నప్పుడు ఒక్క ఘట్టాన్ని ఎంచుకుని దాని దగ్గర ఆగండి. ఉదాహరణకు, ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌షాట్ నాటకశాలలో తల్లి హానా పాడుతుండగా గొంతు జీరబోయి, ప్రేక్షకులు గేలి చేయడంతో ఆమె వేదిక దిగిపోవలసి వచ్చింది. నిర్వాహకుడు అయిదేళ్ల చార్లీని చేయి పట్టుకుని తీసుకువచ్చి వేదిక మీద నిలబెట్టాడు. పాట సగంలో ఉండగా నాణేలు వచ్చి పడ్డాయి. పిల్లవాడు పాట ఆపి, ముందు డబ్బులు ఏరుకుని ఆ తరువాత పాడతానని ప్రకటించాడు. సాయం చేద్దామని నిర్వాహకుడు చేతిరుమాలుతో వచ్చి ఏరుతుంటే, అతడు వాటిని తీసేసుకుంటాడేమోనన్న భయంతో వెంటపడి, అవి తల్లి చేతికి అందాకనే తిరిగివచ్చి పాట కొనసాగించాడు. జనం విరగబడి నవ్వారు. ఇక్కడ పుట్టుకతో వచ్చిన ప్రతిభను మెచ్చుకుని పేజీ తిప్పేయకుండా, ఆ క్షణంలో అతని దగ్గర ఉన్నదేమిటి, లేనిదేమిటి, ఉన్నదానితో అతను చేసినదేమిటి అని మీ నోటుపుస్తకంలో సొంత మాటల్లో రాసుకోండి. ఉన్నవి వచ్చిన పాట ఒకటి, తల్లి మీద బెంగ, లేనిది సన్నాహం.

అలా రాసుకున్నదాన్ని మీ పనితో జత చేయడం తరువాతి మెట్టు. ‘జిమ్’ అనే నాటకంలో సామీ అనే కుర్రాడి పాత్ర దొరికినప్పుడు చాప్లిన్‌కు సరిగ్గా చదవడమే రాదు. అక్కడికక్కడే చదివి వినిపించమంటారేమోనని హడలిపోయాడు. సంభాషణల ప్రతిని ఇంటికి తీసుకువెళితే అన్న సిడ్నీ చదివి వినిపించి కంఠతా వచ్చేలా చేశాడు. చదువు మధ్యలో ఆగిపోయి, కొత్త ఉద్యోగంలో కంప్యూటర్ ముందు కూర్చోవడానికి జంకుతున్న వ్యక్తికి ఈ పేజీ సూటిగా ఒక దారి చూపుతుంది: వచ్చిన అవకాశాన్ని వదులుకోకుండా, లోటు తీర్చగల మనిషిని ఇంట్లోనో చుట్టాల్లోనో వెతుక్కుని ఈ రోజే అడగాలి. “నేనూ కష్టపడతాను” అని రాసుకుంటే ఏమీ జరగదు. ఎవరిని, ఎప్పుడు, ఏమి అడుగుతారో రాయండి.

ఓటమి పేజీలను కూడా ఇంతే శ్రద్ధగా చదవాలి. పాటలు, హాస్యం ప్రదర్శించే లండన్‌లోని ఫారెస్టర్స్ మ్యూజిక్ హాల్‌లో ఒంటరిగా హాస్య ప్రదర్శన ఇవ్వబోతే ప్రేక్షకులు నాణేలు, నారింజ తొక్కలు విసిరారు. అక్కడ వదిలేసి వచ్చిన తన స్వరలిపి పుస్తకాల కోసం కూడా ఆయన మళ్లీ అక్కడికి వెళ్లలేదు. ఆ తరహా హాస్యం తనకు సరిపడదని గ్రహించాడే తప్ప రంగస్థలాన్ని విడిచిపెట్టలేదు. ఏ దారిని వదలాలి, ఏ పనిని వదలకూడదు అనే తేడా మనలో చాలామందికి అవసరం.

అభిమానం ఎంత ఉన్నా, ఆత్మకథ అంటే ఆ మనిషి తనకు గుర్తున్నంతలో, చెప్పదలచుకున్నంతలో చెప్పినదే అని మరచిపోకండి. ఎదిగిన ఇద్దరు కొడుకులున్నారు కనుక రెండో వివాహం వివరాలకు పోనని ఆయనే రాశారు. మౌనంగా దాటేసిన చోట ఆయన్ని ఆదర్శంగా ఊహించుకోవలసిన పని లేదు. పనిలో గురువుగా తీసుకుంటే చాలు.

ఇక ఏ పనైనా పూర్తి స్పష్టత వచ్చాకే మొదలుపెట్టాలని వాయిదా వేసేవారు 1914లో అమెరికాలోని కీస్టోన్ సినిమా స్టూడియోలో పనిచేసిన నాటి అధ్యాయాన్ని తప్పక చదవాలి. హాస్య వేషం ఏదైనా వేసుకురమ్మని చెబితే, దుస్తుల గదికి వెళ్లేదారిలో వదులు ప్యాంటు, బిగుతు కోటు, పెద్ద బూట్లు, చిన్న టోపీ అనుకుని, వయసు పైబడినట్టు కనిపించడానికి చిన్న మీసం జోడించుకున్నాడు. అప్పటికి ఆ పాత్ర ఎవరో ఆయనకే తెలియదు; వేషం వేసుకున్నాకే ఆ మనిషి ఎలాంటివాడో అంతుపట్టసాగింది. ఈ పేజీ చదివిన రోజున, మీరు ఆపుకుంటూ వస్తున్న పనిలో చేతికందే మొదటి భాగాన్ని అరగంట సేపు చేసి, ఆ పని గురించి కొత్తగా తెలిసిన సంగతిని ఆ పేజీ అంచున తేదీతో సహా రాయండి.